ఆసుపత్రిలో నిప్పు: పరుగెత్తలేని వారి మాటేమిటి?

ఇంట్లో నిప్పంటుకుంటే ఏం చేస్తారు? ఈ ప్రశ్న వేస్తే క్లాసులో అందరూ ఒక్కసారిగా చెప్పే జవాబు ఒకటే: "బయటికి పరుగెత్తుతాం!" సరైన జవాబే. బడిలోనైనా, సినిమా హాలులోనైనా, రైలుపెట్టెలోనైనా మొదటి సూత్రం అదే. సామాను పోతే పోయింది, ముందు ప్రాణం దక్కించుకోవాలి.

ఇప్పుడు మరొక ప్రశ్న. ఒక తాతగారికి తొడ ఎముక విరిగింది. కాలికి బరువు కట్టి, ఆయనను మంచం మీద కదలకుండా పడుకోబెట్టారు. పక్క గదిలో ఒక తల్లికి ఆపరేషను జరుగుతున్నది, ఆమె మత్తులో ఉన్నది. పై అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన కిలోన్నర బరువు పసికందు గాజుపెట్టెలో ఉన్నది. నిప్పంటుకుంటే వీరిలో ఎవరు పరుగెత్తగలరు?

ఆసుపత్రికీ మిగతా కట్టడాలకూ ఉన్న తేడా అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. మిగతా చోట్ల మనిషి నిప్పుకు దూరంగా పోతాడు. ఆసుపత్రిలో మనిషి కదలలేడు కనుక నిప్పునూ పొగనూ కదలకుండా ఆపాలి. వాటిని ఎలా ఆపాలో తెలియాలంటే, ముందు అవి ఎలా కదులుతాయో తెలుసుకోవాలి.

రెండు కొవ్వొత్తుల ప్రయోగం

మీ సైన్సు మాష్టారి సమక్షంలో ఈ ప్రయోగం చేయండి. ఒక పొడుగు కొవ్వొత్తి, ఒక పొట్టి కొవ్వొత్తి తీసుకొని బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి వెలిగించండి. రెంటినీ కలిపి ఒక పెద్ద గాజుజాడీ బోర్లించండి. ఏది ముందు ఆరిపోతుంది?

కార్బన్ డయాక్సైడు గాలికంటె బరువైనది, అడుగున చేరుతుంది, కాబట్టి పొట్టి కొవ్వొత్తే ముందు ఆరుతుందని చాలామంది అనుకుంటారు. చేసి చూస్తే పొడుగుదే ముందు ఆరుతుంది. ఎందుకని? మంటనుంచి వెలువడే వాయువులు వేడిగా ఉంటాయి. వేడెక్కిన వాయువు వ్యాకోచించి తేలికవుతుంది, పైకి పోతుంది, జాడీ కప్పు కింద చేరి అక్కడినుంచి క్రమంగా కిందికి నిండుకుంటూ వస్తుంది. పైన ఉన్న కొవ్వొత్తికి ముందు ఊపిరాడదు.

గదిలో పొగ చేసే పని కూడా ఇదే. మొదట కప్పును చేరుతుంది. కప్పు అంతా పరుచుకున్న తరువాత నిమిష నిమిషానికీ కిందికి దిగుతుంది. అందుకే పొగ నిండిన గదిలో నిలబడి నడవకూడదు, వంగి, అవసరమైతే పాకుతూ పోవాలి అంటారు. కాని మంచం మీద ఉన్న రోగి ఎలా పాకగలడు? తలుపు తెరిచి ఉంటే పొగ గదిలోనుంచి వరండాలోకి, వరండాలోనుంచి మెట్లదారికి, లిఫ్టు గుంటకు చేరుతుంది. ఆ నిలువు దారులన్నీ పొగగొట్టాలలా పనిచేసి పొగను పై అంతస్తులకు లాగుకొనిపోతాయి.

నిప్పు ఒకచోట, చావు మరొకచోట

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిజమే. కాని నిప్పు ఉన్నచోటే పొగ ఉంటుందనుకోవటం పొరపాటు. 2011 డిసెంబరు 9వ తేదీ తెల్లవారుజామున కలకత్తాలోని ఆమ్రి ఆసుపత్రిలో జరిగిన ఘోరం దీనికి సాక్ష్యం.

నిప్పు పుట్టింది నేలమాళిగలో. అది కార్లు నిలుపుకోవటానికి కట్టినది. కాని అక్కడ మండే స్వభావంగల సామాను నిలవచేశారు. రోగులున్న గదులు పై అంతస్తుల్లో ఉన్నాయి. చాలామంది దరిదాపులకు మంట రానేలేదు, పొగ మాత్రం వచ్చింది. నిలువు దారుల వెంట పైకి పాకి వార్డులను నింపింది. కట్టడానికి గాజు అద్దాలు బిగించి ఉండటంవల్ల ఆ పొగ బయటికి పోలేదు. అగ్నిమాపక దళంవారు అద్దాలు పగలగొట్టి లోపలికి పోవలసివచ్చింది. తొంభైమంది దాకా చనిపోయారు. వారిలో అత్యధికులు నిద్రలోనో, మంచం దిగలేకనో ఊపిరాడక పోయినవారే.

ఆ రాత్రి ముందుగా పొగను గమనించి సాయానికి పరుగెత్తుకొచ్చింది పక్కనున్న బస్తీ ప్రజలు. లోపల కేరళనుంచి వచ్చిన ఇద్దరు యువ నర్సులు తమ వార్డులోని ఎనిమిదిమంది రోగులను బయటికి చేర్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి తిరిగి రాలేదు. పరుగెత్తగలిగి ఉండీ, పరుగెత్తలేనివారి కోసం ఆగిపోయినవారు వారిద్దరూ.

పొగ అంత త్వరగా ఎలా చంపుతుంది? గాలి సరిగా ఆడనిచోట వస్తువులు సగం సగం కాలుతాయి. అప్పుడు కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసుకుపోయే కూలి అనుకోండి. ఆ కూలికి ఆక్సిజన్‌మీద కంటె కార్బన్ మోనాక్సైడుమీద సుమారు 200 రెట్లకు పైగా మక్కువ! అది ఎక్కి కూర్చుంటే ఇక ఆక్సిజన్‌కు చోటుండదు. మనిషి మగతగా అయిపోతాడు, లేచి పోవాలన్న ఆలోచనకూడా రాకుండానే స్పృహ తప్పుతాడు. ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుంటే మసి కొంత ఆగుతుంది. కార్బన్ మోనాక్సైడు మాత్రం ఆగదు.

ఎక్స్ రే ఫిల్ములు నేర్పిన పాఠం

మంటకు మూడు కావాలి: మండే పదార్థం, ఆక్సిజన్, వేడి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మంట లేదు. దురదృష్టవశాత్తు ఆసుపత్రిలో మూడూ పుష్కలంగా ఉంటాయి.

మొదట మండే పదార్థం. పరుపులు, దుప్పట్లు, దూది, ప్లాస్టిక్ గొట్టాలు, కాగితాల కట్టలు కళ్ళముందే కనిపిస్తాయి. చేతులు శుభ్రం చేసుకునే ద్రవాల్లోనూ, సూది గుచ్చేముందు రాసే స్పిరిట్‌లోనూ ఆల్కహాలు ఉంటుంది. ఈథైల్ ఆల్కహాలు ఆవిరి 13 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే నిప్పురవ్వ తగిలితే అంటుకోగలదు. మన ఊళ్ళలో చలికాలపు రాత్రికూడా సామాన్యంగా అంతకంటె వెచ్చగానే ఉంటుంది.

అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 1929 మే 15న మండినవి ఎక్స్ రే ఫిల్ములు. ఆ రోజుల్లో ఫిల్ములను నైట్రోసెల్యులోజ్‌తో చేసేవారు. పత్తివంటి సెల్యులోజ్ మీద ఆమ్లాలతో చర్య జరిపి తయారుచేసే పదార్థమిది. దీని అణువులోనే ఆక్సిజన్ ఇమిడి ఉంటుంది. అందువల్ల ఒకసారి అంటుకుంటే బయటి గాలితో పనిలేకుండా మండగలదు, నీళ్ళలో ముంచినా మండగలదు! నేలమాళిగలో గుట్టలుగా దాచిన ఆ ఫిల్ములు అంటుకొని, వాటినుంచి కార్బన్ మోనాక్సైడు, నత్రజని ఆక్సైడులు కట్టడమంతా వ్యాపించాయి. 123 మంది మరణించారు. నత్రజని ఆక్సైడులు ఊపిరితిత్తులను నిదానంగా దెబ్బతీస్తాయి. అందువల్ల తమకేమీ కాలేదనుకొని నడిచి బయటికి వచ్చినవారిలోకూడా కొందరు కొన్ని గంటల తరువాత చనిపోయారు. ఆ క్లినిక్ స్థాపకులలో ఒకరైన డాక్టర్ జాన్ ఫిలిప్స్ ఆ సాయంత్రమే మరణించారు.

ఆ చావులు ఊరికే పోలేదు. అంత సులభంగా అంటుకోని సెల్యులోజ్ అసిటేట్ ఫిల్ము ఆసుపత్రుల్లో వాడుకలోకి రావటానికి ఆ ప్రమాదం గట్టి కారణమైంది. ప్రమాదకరమైన పదార్థాన్ని జాగ్రత్తగా కాపలా కాయటంకంటె, దాని బదులు ప్రమాదం లేనిదాన్ని వాడటం మేలన్నది అక్కడ నేర్చిన పాఠం.

ఆక్సిజన్ లెక్క

ఇక రెండవది ఆక్సిజన్. మీరు లేబరేటరీలో ఆక్సిజన్ తయారుచేసి, నిప్పుకణిక ఉన్న పుల్లను జాడీలో పెట్టారు కదా? అది గుప్పున వెలిగింది. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కాని ఇతర వస్తువులను మండిస్తుంది. గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. అది 23.5 శాతం దాటితే ఆ చోటును ఆక్సిజన్ ఎక్కువైన ప్రదేశంగా ఎంచి ప్రత్యేక జాగ్రత్తలు తీసుకోవాలంటారు భద్రతా నిపుణులు. రెండున్నర శాతం ఎంత కొంచెమో అనిపిస్తుంది. ఒక లెక్క వేద్దాం.

10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న వార్డును తీసుకోండి. ఘనపరిమాణం 180 ఘనపు మీటర్లు, అంటే 1,80,000 లీటర్లు. అందులో ఆక్సిజన్ 21 శాతం చొప్పున 37,800 లీటర్లు. పదిమంది రోగులకు నిమిషానికి 60 లీటర్ల వంతున శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తున్నారనుకోండి. తీవ్రమైన శ్వాసబాధలో వాడే పరికరాలు గరిష్ఠంగా అంత ఇవ్వగలవు. పది నిమిషాల్లో గదిలోకి వచ్చేది 6,000 లీటర్లు. విశ్రాంతిగా ఉన్న మనిషి శరీరం నిమిషానికి వాడుకొనేది పావు లీటరు మాత్రమే. కాబట్టి ఇచ్చినదంతా దాదాపు గదిలోనే చేరుతుంది. కొత్తగా వచ్చిన 6,000 లీటర్ల కోసం గదిలోని గాలి 6,000 లీటర్లు తలుపు సందుల్లోంచి బయటికి పోతుంది. దానితోపాటు 1,260 లీటర్ల ఆక్సిజన్ పోతుంది. మిగిలినది 37,800 + 6,000 – 1,260 = 42,540 లీటర్లు. శాతం కడితే 23.6!

చూశారా? కిటికీలు మూసి, గాలి మార్చే ఏర్పాటు లేకపోతే పది నిమిషాల్లోనే హద్దు దాటింది. ఇలాగే గంటసేపు సాగితే 35 శాతం దాటుతుంది. ఆక్సిజన్ దుప్పట్లలో, బట్టల్లో, జుట్టులో ఇంకి ఉంటుంది. అప్పుడు మామూలుగా రాజుకొని ఆరిపోయే చిన్న రవ్వ చాలు, బట్ట భగ్గున మండుతుంది. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో-1 వ్యోమనౌకను నేలమీద పరీక్షిస్తుండగా, లోపల నిండా శుద్ధమైన ఆక్సిజన్ ఉండటంవల్లనే మంట క్షణాల్లో చుట్టుముట్టి ముగ్గురు వ్యోమగాములను బలితీసుకుంది.

ప్రాణం నిలిపే వాయువును మానివేయలేము. గాలి మారే ఏర్పాటు ఉండాలి. వాడనప్పుడు గొట్టం తెరిచి మంచం మీద పడవేయకూడదు. ప్రమాద సమయంలో వార్డుకు ఆక్సిజన్ కట్టివేసే కవాటం ఎక్కడున్నదో ప్రతి నర్సుకూ తెలిసి ఉండాలి.

గోడలో సోల్డరింగ్ ఐరన్

మూడవది వేడి. ఆసుపత్రుల్లో నిప్పు ఎక్కువగా కరెంటు తీగలనుంచే పుడుతుంది. ఇంట్లో ఏ.సి. యంత్రానికి పగలైనా విశ్రాంతి దొరుకుతుంది. ఇంటెన్సివ్ కేర్ వార్డులో అది రాత్రింబగళ్ళు, నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. దానికి తోడు ఊపిరి యంత్రాలు, మందు ఎక్కించే పంపులు, పసిపిల్లలను వెచ్చగా ఉంచే పరికరాలు. ప్లగ్గులు చాలక ఒక బోర్డుకు మరొక బోర్డు తగిలిస్తారు.

ఇప్పుడు గోడలోపల ఒక స్క్రూ కొంచెం వదులైంది. ఆ అతుకు దగ్గర నిరోధం అర ఓము అనుకుందాం. ప్రవహించే విద్యుత్తు 10 ఆంపియర్లు. పుట్టే వేడి తెలియాలంటే విద్యుత్ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణించాలి: 10 × 10 × 0.5 = 50 వాట్లు. రేడియో బాగుచేసేవారు సీసాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ శక్తి సుమారుగా అంతే! అంటే మీ గోడలో ఒక సోల్డరింగ్ ఐరన్‌ను పెట్టి మరిచిపోయారన్నమాట.

"ఎం.సి.బి. పడిపోదా మాష్టారూ?" అని మీరడగవచ్చు. పడిపోదు. విద్యుత్ప్రవాహం హద్దు మీరినప్పుడే అది తెగుతుంది. ఇక్కడ ప్రవాహం పెరగలేదు. వదులైన అతుకును యంత్రం కనిపెట్టదు, చేత్తో తాకి, స్క్రూ బిగించి చూసే మనిషే కనిపెట్టాలి. ప్లగ్గు వేడెక్కటం, ప్లాస్టిక్ కాలిన వాసన, దీపం రెపరెపలాడటం ఆ అతుకు పంపే ఉత్తరాలు. చదవకపోతే నష్టం మనదే.

మండే పదార్థం, ఆక్సిజన్, వేడి మూడూ అడుగు దూరంలో ఉండే చోటు నవజాత శిశువుల వార్డు. మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో 2021 జనవరి 9న ఆ వార్డులో నిప్పంటుకొని 10 మంది పసికందులు పోయారు. ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీలో 2024 నవంబరు 15 రాత్రి అటువంటి వార్డులోనే మళ్ళీ 10 మంది పోయారు. పేర్లైనా పెట్టని పిల్లలు.

మన విజయవాడలోనూ 2020 ఆగస్టు 9న కోవిడ్ రోగులను ఉంచిన ఒక హోటలులో నిప్పంటుకొని పదిమంది దాకా చనిపోయారు. హోటలును కట్టేటప్పుడు దానిలో దిగేవారు లేచి నడవగలవారని అనుకొనే కడతారు. రోగులను తెచ్చి పెట్టిన రోజునుంచి దానికి ఆసుపత్రికి ఉండవలసిన హంగులన్నీ ఉండాలి.

తలుపే ప్రాణదాత

సరే, పరుగెత్తలేనివారిని కాపాడటం ఎలా? మంచాన్ని నాలుగంతస్తులు కిందికి దించటం అయ్యే పని కాదు. నిప్పంటుకున్నప్పుడు మామూలు లిఫ్టు వాడకూడదు. అందువల్ల ఇంజనీర్లు తెలివైన ఉపాయం కనిపెట్టారు. ప్రతి అంతస్తునూ నిప్పు తాళే గోడలతో రెండు మూడు భాగాలుగా విడదీస్తారు. ఒక భాగంలో నిప్పు పుడితే, రోగిని మంచంతో సహా అదే అంతస్తులో పక్క భాగంలోకి నెట్టి, మధ్యనున్న తలుపు మూసివేస్తారు. దించే పని లేదు, మెట్ల పని లేదు. ఒక్క తలుపు దాటితే చాలు. అవసరమైతే అక్కడినుంచి నెమ్మదిగా వాలుదారి గుండా కిందికి చేర్చవచ్చు.

ఆ తలుపు మామూలు తలుపు కాదు. గంటకు పైగా మంటకు తాళేలా చేస్తారు. దాని అంచుల్లో ఒక పట్టీ ఉంటుంది. వేడి తగలగానే అది నూనెలో వడియంలా పొంగి, సందులను పూడ్చి పొగను ఆపుతుంది. తెరిచిన తలుపు దానంతట అదే మూసుకొనేలా స్ప్రింగు ఉంటుంది. కప్పులో నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు ఉంటాయి. వాటికి రంగు ద్రవం నింపిన చిన్న గాజుబుడ్డి అడ్డుగా ఉంటుంది. ఎర్రరంగుదైతే 68 డిగ్రీల దగ్గర పగిలి నీరు వదులుతుంది. వేడి తగిలిన బుడ్డి ఒక్కటే పగులుతుంది, అన్నీ కాదు.

కొంతకాలం క్రితం మా బంధువొకరికి ఆపరేషను అయితే ఒక ఆసుపత్రిలో మూడు రాత్రులు తోడుగా ఉన్నాను. వరండా మధ్య అటువంటి తలుపు ఉంది. దాని మీద "ఎల్లప్పుడు మూసి ఉంచవలెను" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కింద, అది మూసుకోకుండా, ఒక ఇటుక పెట్టి ఉంది. నేను ఇటుక తీసి పక్కన పెట్టాను. తెల్లవారేసరికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీశాను. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. "గాలి రావటంలేదండీ, ట్రాలీ తోసుకుపోవటానికి అడ్డమండీ" అన్నాడు అక్కడ పనిచేసే అబ్బాయి. అతడిలో చెడ్డతనమేమీ లేదు. తలుపు ఎందుకుందో అతడికెవరూ చెప్పలేదు, అంతే. కూర్చోబెట్టి ఈ రెండు కొవ్వొత్తుల సంగతి చెప్పాను. మూడవ రాత్రి ఇటుక కనిపించలేదు.

లక్షల రూపాయల తలుపును ఒక ఇటుక ఓడించగలదు. ఆ ఇటుకను ఓడించగలిగేది తెలివిడి ఒక్కటే.

మీరేం చేయగలరు?

ఆసుపత్రి సిబ్బందికి చాలా దేశాల్లో నాలుగు మాటల వరుస నేర్పుతారు: కాపాడు, చాటు, మూయి, ఆర్పు. నిప్పు దగ్గరున్న రోగిని తప్పించాలి, గంట మోగించి అందరికీ తెలియజేయాలి, తలుపులు మూయాలి, ఆ తరువాతనే, చిన్న మంటైతే, ఆర్పాలి. ఆర్పటం చివరన ఉన్నదని గమనించండి.

మీరు రోగిని చూడటానికి పోయినప్పుడు ఇవి గుర్తుంచుకోండి. మంచం దగ్గర అగరొత్తులు, దీపం వెలిగించవద్దు, వెలిగించబోయే పెద్దలకు మెల్లగా చెప్పండి. రోగి యంత్రాలకు పెట్టిన బోర్డులో మీ ఫోను ఛార్జరు, నీళ్ళు కాచే కెటిల్ పెట్టవద్దు. వరండాలో, మెట్లమీద చాపలు, కారియర్లు, సంచులు పరచవద్దు, అది మంచం పోవలసిన దారి. వెళ్ళగానే బయటికి పోయే దారులు రెండు చూసి పెట్టుకోండి, ఒకటి పొగతో నిండితే రెండవది కావాలి. కరెంటు మంటమీద నీళ్ళు పోయవద్దు. పొగ కనిపిస్తే ముందు సిబ్బందికి చెప్పి, 101కి గాని 112కి గాని ఫోను చేయించండి. ఆసుపత్రి పేరు, అంతస్తు, ఎంతమంది కదలలేనివారు ఉన్నారో చెప్పాలి.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలతో పోరాడి అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం మన దేశంలో ఏటా ఏప్రిల్ 14నుంచి 20వరకు అగ్నిమాపక వారోత్సవం జరుపుతారు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వటం మనకు అలవాటు. ఈ ఏడు ఆ వారంలో మీ సైన్సు క్లబ్బు తరఫున, పెద్దల అనుమతితో మీ ఊరి ఆసుపత్రికి వెళ్ళి ఒక్క పని చేయండి. మూసి ఉండవలసిన తలుపులు ఎన్ని మూసి ఉన్నాయో, తాళం లేకుండా ఉండవలసిన దారులకు ఎన్నింటికి తాళాలున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కను అక్కడి సూపరింటెండెంటుగారి చేతికివ్వండి.

మంచంమీది తాతగారు ఆ లెక్క వేసుకోలేరు. గాజుపెట్టెలోని పసికందు అడగలేదు. కాళ్ళున్నవారు, కళ్ళున్నవారు, చదువుకున్నవారు మీరు. వారి తరఫున అడగవలసింది మీరే.